ఎర్ర రంగు అంటని ఇల్లు

బేకరీ గోడ మీద కొండ మ్యాపు అంటించిన రోజున వీధివాళ్ళంతా తమ ఇల్లు ఎరుపులో పడిందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి చూసుకున్నారు. టైలరమ్మ కూడా మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా వెళ్ళి చూసుకుంది. ఆవిడ ఇల్లు ఎరుపులో పడలేదు. పడలేదని తెలిసి ఆవిడ ముఖం మాడిపోయింది.

ఆ ఎరుపు కొండ నెత్తి మీద బయలుదేరి, వాగు వెంబడి నాలుకలా కిందికి సాగి, మూతపడిన మిల్లు వెనక కాస్త వెడల్పై, సరిగ్గా వీళ్ళ వీధి మధ్యకు వచ్చి ఆగిపోయింది. వీధికి అవతలి వరుస పల్లంలో ఉంది, దాని పెరళ్ళు వాగులోకి దిగుతాయి. ఇవతలి వరుస నిలువెత్తు గట్టు మీద ఉంది. కొండ పేలితే వేడి బురద వాగు పొంగి అవతలి ఇళ్ళలోకి వస్తుందట, గట్టు ఎక్కి ఇవతలికి రాలేదట. అవతలి వరుసలో, టైలరమ్మ గుమ్మానికి ఎదురుగా ఉన్నది ఆవిడ తోడికోడలి ఇల్లు.

"అంతా వాళ్ళకే" అంది టైలరమ్మ మ్యాపు ముందు నిలబడి. పక్కనున్న బేకరీ ఆయన, పాపం, మరిది కుటుంబం గురించి బాధపడుతోందనుకుని ఆవిడ చేతిలో ఒక బన్ను పెట్టి, డబ్బులు తీసుకోలేదు. ఆవిడ బాధ అది కాదని ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆ బన్ను తింటున్నంతసేపూ ఆవిడ ఎరుపు వైపే చూస్తోంది.

ఈ కడుపుమంట కొండతో మొదలైంది కాదు. అత్తగారింట్లో ముందు అడుగుపెట్టింది ఆవిడే. పంపు హౌసులో మోటార్లు చూసుకునే మొగుడు, మందులు వేళకి అడిగి వేయించుకునే అత్తగారు, చదువు తక్కువ అల్లరి ఎక్కువ అయిన మరిది, అందరి బరువూ ఎత్తుకుని, ముందుగదిలో కుట్టు మిషన్ వేసుకుని వీధి పిల్లల యూనిఫారాలన్నీ తనే కుట్టింది. మరిది లారీ డ్రైవరై పెళ్ళి చేసుకుంటే పెళ్ళికూతురి బట్టలు కూడా తనే కుట్టింది. నడుం దగ్గర ఒక్క ముడత లేకుండా, భుజం దగ్గర ఒక్క దారం కనబడకుండా కుట్టింది. పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ పెళ్ళికూతురు ఎంత బాగుందో అన్నారు. బట్టలు ఎవరు కుట్టారని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అడగలేదు. ఆ రోజు పడిన ముడి ఇంతవరకూ విడలేదు.

చిన్నకోడలు చెడ్డదేం కాదు. పైగా ఎదురింట్లో వేరు కాపురం పెట్టేదాకా అక్కా అక్కా అని వెనకే తిరిగేది. దాని తప్పల్లా ఒకటే, దానికి భయం ఎక్కువ. అది తుమ్మితే ఇంట్లో కిటికీలు మూసేవాళ్ళు. అది పడుకుంటే రేడియో తగ్గించేవాళ్ళు. టైలరమ్మ వేలిలోకి మిషన్ సూది దిగి గోరు వెనకనుంచి బయటికొచ్చిన రోజున మాత్రం, "నువ్వు చూసుకుంటావులే" అన్నారు. ఆవిడ చూసుకుంది. పట్టకారుతో సూది లాగేసి, గుడ్డపీలిక కట్టుకుని, ఆగిపోయిన కుట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెట్టింది. గట్టివాళ్ళకి వచ్చే చిక్కే ఇది. తిన్నావా అని కూడా ఎవరూ అడగరు.

మ్యాపు వచ్చాక చిన్నదాని రాత ఇంకా వెలిగిపోయింది. కొండని కనిపెట్టుకుని ఉండే కొండ ఆఫీసువాళ్ళు వచ్చి దాని పెరట్లో సిమెంటు దిమ్మె కట్టి, పైన పుట్టగొడుగులాంటి తెల్లటి పరికరం బిగించారు. లోపల కరిగిన రాయి పైకి తోసుకొస్తుంటే పేలడానికి ముందు నేల ఉబ్బుతుందట. ఎంత ఉబ్బిందో ఆ పుట్టగొడుగు ఉపగ్రహాలతో మాట్లాడి వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతుందట. దాన్ని చూడడానికి వచ్చేవాళ్ళ బూట్లు చిన్నదాని గుమ్మం ముందు వరసగా ఉండేవి. వాళ్ళకి టీలు, కబుర్లు. ఒకసారి రేడియోవాళ్ళు కూడా వచ్చారు. "భయంగానే ఉంటుందండీ, కానీ అలవాటు చేసుకున్నాం" అని చిన్నది రేడియోలో ఎంతో నెమ్మదిగా చెప్పింది. ఆ మాట మిషన్ దగ్గర వింటూ టైలరమ్మ ఎవరిదో స్కూలు చొక్కా చెయ్యిని తీసుకెళ్ళి మెడకి కుట్టేసింది.

"మా పెరడు వేలెడు పైకి లేచిందట అక్కా" అని చిన్నది వీధికి అడ్డంపడి వచ్చి చెప్పింది. ఎవరైనా తమ కొడుకు క్లాసులో ఫస్టు వచ్చాడని చెప్పుకున్నట్టే ఉంది టైలరమ్మకి. అది వెళ్ళిపోయాక ఆవిడ తన పెరట్లోకి వెళ్ళి నేల వైపు చాలాసేపు చూసింది. కాలితో తట్టి చూసింది. ఎక్కడున్న నేల అక్కడే ఉంది, నిమ్మకు నీరెత్తినట్టు.

మొగుడితో చెప్పుకుంటే ఆయన తల కొట్టుకున్నాడు. ప్రమాదం వచ్చినందుకు ఏడ్చేవాళ్ళని చూశాను గానీ రానందుకు ఏడ్చే మనిషిని నిన్నే చూశాను అని, నూనె డబ్బా సంచిలో వేసుకుని డ్యూటీకి పోయాడు.

ఇదంతా ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. ఒక ఉదయం భూమి చిన్నగా కదిలింది. గిన్నెలు గలగలమన్నాయి, మిషన్ మీది కత్తెర జారి కింద పడింది. అంతే, ఇంకేం కాలేదు. వీధి రెండు వైపులా అదే గలగల. కానీ అత్తగారు లేచి, తన సంచిలో రెండు జతల బట్టలు, మందుల డబ్బా సర్దుకుని చెప్పులు వేసుకుంది.

"చిన్నది హడలిపోయి ఉంటుంది. దాని దగ్గరుంటాను" అంది.

"మరి నా దగ్గర?"

"నీకేమే, నువ్వు రాయివి" అంది అత్తగారు, మెచ్చుకుంటున్నట్టుగా. అని వీధి దాటి వెళ్ళిపోయింది.

ఆ వీధి వెడల్పు ఎంతని? రెండు బండ్లు పక్కపక్కన వస్తే గోడలు గీసుకుంటాయి. ఆ రోజు నుంచి టైలరమ్మకి అది సముద్రమైంది. ఎదుటి కిటికీలోంచి అత్తగారి దగ్గు వినబడుతుంది, మందు ఎవరు వేశారో తెలియదు. ఎన్నో ఏళ్ళు తన చేతి అన్నం తిన్న మనిషి, పేలబోయే కొండ కింద కూర్చోవడానికైనా ఇష్టపడింది గానీ తన దగ్గర ఉండలేదు. ఎందుకు? అక్కడ భయం ఉంది, ఇక్కడ లేదు. భయం ఎందుకు లేదు? ఎరుపు లేదు కనుక. అయితే చేయాల్సిందేమిటో తేలిపోయింది. ఆ ఎరుపు తన ఇంటికి కూడా రావాలి. అది వస్తే అత్తగారు ఇద్దరి కోసమూ భయపడాలి కదా, అప్పుడు ఎవరి దగ్గరుంటుందో చూద్దాం.

కొండ ఆఫీసు ఇనప సామాన్ల కొట్టు పైన ఉంది. మెట్లు ఎక్కితే ఒకటే గది, గోడ నిండా మ్యాపులు, కింది కొట్లోంచి తుప్పుపట్టిన మేకుల వాసన. మ్యాపు గీసింది అక్కడి ఒక అమ్మాయి. ఎప్పుడూ బూట్ల నిండా బురదతో తిరిగే ఆ పిల్లని ఊరంతా కొండమ్మాయి అనేవాళ్ళు. టైలరమ్మ వెళ్ళేసరికి అక్కడ ఇద్దరు ముగ్గురు ఇళ్ళవాళ్ళు ఆ అమ్మాయిని బతిమాలుతున్నారు, మా ఇంటిని ఎరుపులోంచి తీసేయి తల్లీ, అద్దెకి ఎవరూ రావడం లేదు అని. వాళ్ళు వెళ్ళేదాకా టైలరమ్మ ఆగింది. తర్వాత ఆ పిల్ల ప్యాంటు మోకాలి దగ్గర చిరుగు చూసి, విప్పి ఇమ్మని, అక్కడే దారం సూది తీసి కుట్టడం మొదలుపెట్టింది. కొండమ్మాయి రెయిన్‌కోటు చుట్టుకుని కూర్చుంది. కుట్టు సగమయ్యాక టైలరమ్మ అసలు సంగతి చెప్పింది.

కొండమ్మాయికి మొదట అర్థం కాలేదు. "తీసేయమంటున్నారా?"

"కలపమంటున్నా. ఇటు ఒక్క ఇంటికి. నీకు పెద్ద పనా? ఇంతోటి గీత."

ఎరుపు చుట్టరికాలు చూసి ఆగదని, నేల వాలు చూసి ఆగుతుందని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. చెబుతూ చెబుతూ టైలరమ్మ తెచ్చుకున్న గుడ్డని బల్ల మీద పరిచి రెండు వైపుల నుంచీ తోసింది. గుడ్డ మధ్యలో మడతపడి లేచింది. కొన్ని కొండలు ఇలా పుడతాయమ్మా, భూమి పొరలు రెండు ఎదురెదురుగా తోసుకుంటే మధ్యలో నేల మడతలు పడి లేస్తుంది, దానికి కోట్ల ఏళ్ళు పడుతుంది అంది. మన కొండ అలాంటిది కాదు. ఒక పొర ఇంకో పొర కిందికి దూరిపోయింది. లోతుకి వెళ్ళాక అక్కడ రాయి కరిగి, సందు చూసుకుని పైకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రాయీ బూడిదా కక్కి, తన మీద తానే పోసుకుంటూ, పొర మీద పొరగా ఇంత ఎత్తయింది.

"అంటే వాంతులు చేసుకుని పొడుగైందన్నమాట" అంది టైలరమ్మ.

"దాదాపు అంతే."

"దాన్ని చూసి అందరూ ఎంత బాగుందో అంటారు."

ఆవిడ ఎవరి గురించి అంటోందో కొండమ్మాయికి తెలియదు. నవ్వింది. దారం కొరికి ప్యాంటు ఇచ్చేస్తూ టైలరమ్మ పట్టు వదల్లేదు. మా పెరట్లో మట్టి చూడకుండానే ఎలా గీశావు, పాత బురద ఉందేమో తవ్వి చూశావా అంది. మాటకి మాట వచ్చింది గానీ ఆ పిల్లకి అది న్యాయంగానే తోచింది. పాతకాలంలో బురద వచ్చిన చోట మళ్ళీ వచ్చే వీలుంది కనుక, గట్టు మీద కూడా ఒకచోట గొట్టం దించి చూస్తే మంచిదేనని, రేపు వస్తానని చెప్పింది.

టైలరమ్మకి కావలసింది ఒక మధ్యాహ్నం. వీధంతా అన్నాలు తిని కునుకు తీస్తున్న వేళ, వాగులోకి దిగి, కత్తిరింపు ముక్కలు వేసుకునే గోనె సంచులు దులిపి, వాటిలో బురదమట్టి, ఇసుక, గులకరాళ్ళు, నల్లటి బూడిద నింపి మోసుకొచ్చింది. పెరట్లో మోకాలి లోతు గుంట తీసి అదంతా పోసి, పైన మామూలు మట్టి కప్పి, గట్టిగా తొక్కి, నీళ్ళు చల్లింది. నడుం విరిగింది గానీ మనసు చల్లబడింది. కొండ వేల ఏళ్ళ పాటు చేసే పని ఆవిడ పూట గడవకముందే చేసేసింది.

మర్నాడు కొండమ్మాయి వచ్చి, నేలలోకి తిప్పుతూ దించే పొడవాటి ఇనప గొట్టం తెచ్చి, "ఎక్కడ చూడమంటారు?" అని అడిగింది. టైలరమ్మ సరిగ్గా చోటు చూపించింది. ఈలోగా చిన్నది, ఎవరు పిలిచారో ఏమో, టీ పట్టుకుని వచ్చేసింది. వెనకే అత్తగారు. గొట్టం పైకి లాగి అందులో మట్టిని గుడ్డ మీద జాగ్రత్తగా బోర్లించారు. ముందు ఎర్రమట్టి, దాని కింద ఇసుక, గులకరాళ్ళు, నల్లబూడిద.

"చూశావా" అంది టైలరమ్మ.

కొండమ్మాయి కళ్ళు మెరిశాయి. ముందుకు వంగింది. చిన్న చాకుతో ఒక్కొక్క పొరా విడదీసింది.  ఆ తర్వాత బూడిదలోంచి ఏదో తీసి, అరచేతిలో తుడిచి, టైలరమ్మకి మాత్రమే కనబడేలా పట్టుకుంది. తెల్లటి చొక్కా గుండీ. నాలుగు బెజ్జాలు, ఒక బెజ్జంలో నీలం దారం ముక్క.

"అమ్మా, ఈ బురద మరీ పాతది కాదనుకుంటా" అంది మెల్లిగా. "ప్లాస్టిక్ గుండీలు వచ్చాక వచ్చింది."

ఆ అమ్మాయి మంచిది కనుక అంతటితో వదిలేసి, దాని కింద ఇంకా లోతుకి గొట్టం దించింది. కింద ఉన్నదంతా పసుపచ్చటి గట్టి నేల, చెక్కు చెదరనిది. మీ ఇల్లు భద్రంగా ఉందమ్మా, సంతోషించాలి అని చెప్పింది. సెలవు కోసం జ్వరం తెచ్చుకుందామని వెళ్ళిన మనిషికి డాక్టరు నాడి బ్రహ్మాండంగా ఉందని చెప్పినట్టయింది టైలరమ్మకి.

కానీ గుండీని చిన్నది చూడనే చూసింది. చూసి, ఒక్క క్షణం ఆపుకోవాలని ప్రయత్నించి, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. టీ గ్లాసు తొణికింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు పెద్దలు. అత్తగారు గుంట వైపు, పెద్దకోడలి వైపు మార్చి మార్చి చూసింది. టైలరమ్మ లోపలికి వెళ్ళి మిషన్ ముందు కూర్చుని, ఇక జన్మలో ఆ వీధి దాటనని, అవతలి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుంది. చిన్నది కిటికీ దగ్గరకొచ్చి అక్కా అక్కా అని పిలిచి, పలకకపోతే చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధంతా చెవులు కొరుక్కుంది. బేకరీ ఆయన ఆ తర్వాత ఎప్పుడూ బన్ను ఊరికే ఇవ్వలేదు.

ఒట్టు బాగానే నిలబడింది, కొండ ఊరుకున్నంతవరకూ.

ఒకనాటి ఉదయం కొండ నెత్తి మీద తెల్లటి ఆవిరి కాస్తా బూడిదరంగు స్తంభమై లేచింది. పైన ఉరుము ఉరిమినట్టుంది గానీ మబ్బు ఉరుము కాదు. మైకు కట్టిన వ్యాను వీధిలోకి వచ్చి, ఎర్ర ప్రాంతంవాళ్ళు ఉన్నపళంగా గట్టు మీదికి రావాలి, బంధువుల ఇళ్ళుంటే అక్కడికి, లేనివాళ్ళు స్కూలుకి అని చెప్పుకుంటూ పోయింది. మొగుడు పంపు హౌసులో ఉన్నాడు, ఊరికి నీళ్ళు ఆగకూడదు కనుక రాలేడు. మరిది లారీ ఎక్కడో దూరాన ఉంది. అవతలి వరుసవాళ్ళు మూటలతో, పరుపులతో, ఒకాయన కుక్కని భుజాన వేసుకుని, టైలరమ్మ గేటు ముందునుంచే గట్టెక్కి పోతున్నారు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది. వాళ్ళే వస్తారు, ఎక్కడికి పోతారు, ఇంకెవరున్నారు అనుకుంది. వచ్చాక మంచినీళ్ళిచ్చి, గది చూపించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఉండాలని కూడా అనుకుంది.

అందరూ వచ్చారు. వాళ్ళిద్దరే రాలేదు.

ఎదుటి కిటికీలోంచి కనబడుతోంది. చిన్నది ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతోంది. ఒక వస్తువు తీసుకుంటుంది, పెట్టేస్తుంది, ఇంకొకటి తీసుకుంటుంది. భయంతో దాని బుర్ర పనిచేయడం లేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని అత్తగారు కూర్చుంది. సంచి సర్దే ఉంది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేస్తే వీధి దాటినట్టే. లేవదు. సూటిగా టైలరమ్మనే చూస్తోంది.

పిలవనీ, పిలిస్తే వెళ్తాను అనుకుంది టైలరమ్మ. అత్తగారు పిలవలేదు. టైలరమ్మ గేటు వదల్లేదు. ఇద్దరూ అలా ఒకరినొకరు చూసుకుంటుండగా కొండమ్మాయి వీధి మొదట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పైన వాన పడుతోంది, బూడిదంతా బురదై వాగులోకి దిగింది, ఎగువ పెట్టిన పరికరం కొట్టుకుపోయింది, ఇంక టైము లేదు అని అరుస్తూ చివరి ఇళ్ళ వైపు పరుగెత్తింది. దాని వెనకే వాగులోంచి మోత మొదలైంది, కంకర నింపిన లారీలు వరసగా వస్తున్నట్టు. నేల కాళ్ళకింద సన్నగా వణికింది.

టైలరమ్మ ఎప్పుడు గేటు వదిలిందో, ఎప్పుడు వీధి దాటిందో ఆవిడకే తెలియదు. అత్తగారిని దాటుకుని లోపలికి పోయి చిన్నదాని మణికట్టు పట్టుకుంది. దాని చంకలో గోడగడియారం ఉంది.

"గడియారం ఎందుకే, ఇంత ఆలస్యం చేశాక?"

"అక్కా, ఏం తేవాలో తెలీడం లేదక్కా."

"నువ్వు రా చాలు."

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్తగారు లేచి నిలబడి, ఎక్కాల్సిన బస్సు వచ్చినట్టు సంచి చంకన పెట్టుకుని, "పద" అంది. ముగ్గురూ గట్టెక్కి టైలరమ్మ ఇంట్లో పడ్డారో లేదో అవతల పెరళ్ళలోకి బురద వచ్చింది. పొగలు కక్కుతూ, చెట్ల మొద్దుల్ని అగ్గిపుల్లల్లా తిప్పుతూ వచ్చి, చిన్నదాని పెరటి గోడని, కొలత దిమ్మెని నేలకరిపించి, వంటింటి తలుపు తోసుకుని లోపల ఛాతీ ఎత్తు దాకా నిండి, అక్కడ నిలిచిపోయింది. వీధి మధ్యలోకి ఒక పాయ సాగి, గట్టు ఎక్కలేక అక్కడే ఆగింది. మ్యాపులో గీసినట్టే.

ఆ తర్వాత బూడిద రాలడం మొదలైంది. బురదకి దారి కావాలి, బూడిదకి దారి అక్కర్లేదు. ఎరుపని, తెలుపని చూడకుండా అన్ని ఇళ్ళ మీదా పడింది. కిటికీల సందుల్లో టైలరమ్మ యూనిఫారాల గుడ్డలు కుక్కింది. చిన్నది మూల కూర్చుని వణుకుతూ వణుకుతూ నిద్రలోకి జారింది. అత్తగారు మంచినీళ్ళు అడిగి తాగింది. అప్పుడొచ్చింది టైలరమ్మకి కోపం.

"కాళ్ళు పనిచేయవా అత్తయ్యా మీకు? వీధి దాటడానికి ఎవరైనా ఎత్తుకు రావాలా?"

"కాళ్ళకేం, బాగానే ఉన్నాయి" అంది అత్తగారు. "నేను లేచి వచ్చేస్తే అది అక్కడే తిరుగుతూ ఉండిపోయేది. భయమేస్తే అది ఎవరి మాటా వినదు. దాన్ని లాక్కురావాలంటే నీ చెయ్యే కావాలి."

"అయితే పిలవచ్చుగా."

"పిలిస్తే దానికోసం వచ్చేదానివా?" గ్లాసు కింద పెట్టింది. "అది ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ నీ కుళ్ళు చూస్తూనే ఉన్నాను. కొండ పేలిన రోజున నువ్వు గేటు పట్టుకుని నిలబడతావని నాకు తెలుసు. దానికోసం దాటవు. నాకోసమైతే దాటుతావు. అందుకే వెళ్ళి అక్కడ కూర్చున్నాను."

 తను వస్తుందని ఆ ముసలావిడ ప్రాణం ఒడ్డి కూర్చుందన్న సంగతి టైలరమ్మకి ముందు తీయగా తగిలింది. ఒక గుక్కెడు తీపి, అంతే. దాని వెనకే ఇంకో సంగతి తట్టింది. ఒడ్డింది ఎవరికోసం? మూల నిద్రపోతున్న దానికోసం. నోరు కొంచెం తెరుచుకుని, గడియారం కౌగలించుకుని పసిపిల్లలా పడుకుంది అది. దానికోసం ఒక మనిషి బురద దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నా ఇల్లే ఎరుపులో ఉండి ఉంటే అప్పుడేం చేసేవాళ్ళు?" అంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

అత్తగారు నిజంగానే ఆలోచించింది. "నువ్వా? అందరికంటే ముందు నువ్వే మా అందర్నీ బయటికి లాగేసి ఉండేదానివి. నీకు ఎవరూ రానక్కర్లేదు."

ఈ మాట తిట్టుకాదు, శాపం కాదు. పెద్దావిడ నోటినుంచి అంతకన్నా గొప్ప మెప్పు రాదు. టైలరమ్మకి మాత్రం అది సూదిలా దిగింది. లేచింది. వాన జల్లు మొదలై పైన రేకులు మూలుగుతున్నాయి. బూడిద మీద వాన జల్లు పడితే అది తడిసి సిమెంటంత బరువవుతుంది, పాత ఇళ్ళ కప్పులు బురదకన్నా దాని వల్లే కూలతాయని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. మూతికి గుడ్డ కట్టుకుని, నిచ్చెన, చీపురు తీసుకుని బయటికి నడిచింది. ఎవరినీ రమ్మనలేదు. ఎవరో ఒకరు ఎక్కాలి, ఎక్కేది ఎప్పుడూ తనే.

బూడిద పలచబడింది గానీ ఆకాశం ఇంకా చెంబు అడుగులా నల్లగా ఉంది. రేకులు సబ్బు నీళ్ళు పోసినట్టు జారుతున్నాయి. మేకులు కొట్టిన వరస చూసుకుని అడుగు వేస్తూ ఒక పక్కనుంచి ఊడవడం మొదలుపెట్టింది. బూడిద ముద్దలు ముద్దలుగా కింద పడుతోంది. సగం దాకా వచ్చేసరికి ఒక కాలు సర్రున జారి, మోకాలు రేకుకి కొట్టుకుంది. చప్పుడు ఇంట్లోకి వినబడింది.

ముందు చిన్నది బయటికి పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకుంది. దాని వెనక అత్తగారు, తలకి తువ్వాలు చుట్టుకుని.

"దిగవే" అంది అత్తగారు. "చాలు, దిగు. పోతే కప్పు పోతుంది. జారావంటే నేనేం చేయను?"

ఆ గొంతు టైలరమ్మ ఎరుగును. చిన్నది తుమ్మినప్పుడు, మరిది లారీ ఆలస్యమైనప్పుడు వినే గొంతు. తన పేరున ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. మోకాలు పట్టుకుని రేకుల మీద కూర్చుండిపోయింది.

"దెబ్బ తగిలిందా? పలకవేమే?" అంది మళ్ళీ కిందినుంచి. ఈసారి గొంతు వణికింది.

టైలరమ్మకి బాగానే వినబడింది. లేచి, మిగతా సగం మెల్లిగా, ఎంతో మెల్లిగా ఊడవసాగింది. అంచు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది, అవసరం లేకపోయినా. కింద అత్తగారు అబ్బా అంది. ఆ అబ్బా అనడం ఎంత బాగుందంటే, ఇంకో అంచుకి కూడా వెళ్ళింది.

అప్పుడే చిన్నదానికి దుమ్ము పట్టి దగ్గు వచ్చింది. అత్తగారు వెంటనే దానివైపు తిరిగి, "నువ్వు లోపలికి పో తల్లీ, నీకు పడదు ఈ బూడిద" అంది. పైన చీపురు ఆగింది. తర్వాత ఎందుకో కాస్త గట్టిగా కదిలింది, మిగిలిన గంపెడు బూడిద దడేలున వచ్చి సరిగ్గా చిన్నదాని నెత్తిన పడింది.

"చూసుకోలేదు" అంది టైలరమ్మ.

చిన్నది జుట్టు నుంచి పాదాల దాకా బూడిదరంగై, కళ్ళు మాత్రం మిటకరిస్తూ పైకి చూసింది. నిచ్చెన మాత్రం వదల్లేదు. "దిగక్కా. నాకు భయమేస్తోంది" అంది.

"నీకెప్పుడు వేయలేదు గనక."

"నాకోసం కాదక్కా."

టైలరమ్మ దానివంక చూసింది, పక్కన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న అత్తగారి వంక చూసింది. "ఇంకొంచెం ఉంది, అయిపోవచ్చింది" అని చెప్పి, వెనక్కి తిరిగి మళ్ళీ చీపురు పట్టింది. రేకుల మీద అప్పటికి పిడికెడు బూడిద కూడా లేదు.